ఆ ‘1-0-1’ దగ్గర ఒక్క నిమిషం ఆగండమ్మా

ప్రకాశం జిల్లా విలేజ్ క్లినిక్కుల్లో, పీహెచ్‌సీల్లో పనిచేస్తున్న నర్సమ్మలకు, ఏఎన్‌ఎంలకు, ఆశా అమ్మాయిలకు,

నేను 31 ఏళ్ళు నర్సుగా చేసి హెడ్ నర్సుగా రిటైరయ్యాను. ఇప్పుడు ఒంగోలులో ఉంటున్నాను. మీలో కొందరు నా చేతి కింద ట్రైనింగ్ అయినవాళ్ళే ఉండొచ్చు. ఉంటే, అప్పట్లో నా నోటికి భయపడినందుకు ఇప్పుడు పగ తీర్చుకోకుండా, గుండెనొప్పి బిళ్ళలు వేసే వేళల గురించి రాస్తున్న ఈ ఉత్తరం చివరిదాకా చదవండి.

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. సర్వీసు మొత్తం మీద వార్డులో బిళ్ళల ట్రాలీ పొద్దున 8కి ఒకసారి, రాత్రి 8కి ఒకసారి తోశాను. కేస్ షీటులో ‘బీడీ’ అని ఉంటే రోజుకు రెండుసార్లు. రెండుసార్లంటే మనకు ఎనిమిది, ఎనిమిది. యాంటీబయాటిక్‌కీ అదే లెక్క, ఫిట్స్ మందుకీ అదే లెక్క, గుండెనొప్పి వాళ్ళకిచ్చే నైట్రేట్ బిళ్ళకీ అదే లెక్క. ఆ మూడోది తప్పని మన పుస్తకంలోనే ఉంది. నేను చదివాను, పరీక్షలో రాశాను, మార్కులు కూడా వచ్చాయి. ట్రాలీ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎనిమిది, ఎనిమిదే. డిశ్చార్జి రోజున ‘పొద్దునొకటి, రాత్రొకటి వేసుకో తాతా’ అని నవ్వుతూ చెప్పి పంపిన వాళ్ళు ఎంతమందో నాకే లెక్క తెలీదు.

ఆ తప్పు తిరిగి తిరిగి మా ఇంటికే వచ్చింది.

మా పెద్దన్నయ్య టంగుటూరు దగ్గర పల్లెలో పొగాకు రైతు. కొన్నేళ్ళ క్రితం చెరువుకట్ట ఎక్కుతుంటే రొమ్ము మీద ఎవరో కాలుపెట్టి తొక్కినట్టు ఉందన్నాడు. ఆగితే రెండు నిమిషాల్లో పోయేది. గ్యాస్ అనుకుని మూడు నెలలు సోడాలు తాగాడు. చివరికి నేనే లాక్కెళ్ళి యాంజియోగ్రామ్ తీయిస్తే, బ్లాకులున్నాయి గానీ స్టెంటు అక్కర్లేదు, మందులతో నెట్టుకురావచ్చు అన్నారు. పని చేస్తే వచ్చి, కూర్చుంటే పోయే నొప్పి. మన భాషలో స్టేబుల్ యాంజైనా. చీటీలో ఆరు రకాల బిళ్ళలు రాశారు. అందులో నైట్రేట్ బిళ్ళ, ఐసోసార్బైడ్ మోనోనైట్రేట్ 20, ఎదురుగా 1-0-1. అంటే పొద్దునొకటి, మధ్యాహ్నం లేదు, రాత్రొకటి. మందుల షాపు అబ్బాయి స్ట్రిప్ మీద కూడా స్కెచ్ పెన్నుతో అదే రాసిచ్చాడు. అన్నయ్య చదువుకున్నవాడు కాకపోయినా మాట తప్పేవాడు కాదు. పొద్దున 7కి ఇడ్లీ తిని ఒకటి, రాత్రి 9కి అన్నం తిని ఒకటి. ఒక్కరోజు కూడా తప్పలేదు.

మొదటి పది రోజులు తల పగిలిపోతోందన్నాడు. ఆ మందుకి అది మామూలే, రక్తనాళాలు తెరుచుకుంటున్నాయని అర్థం, పారాసిటమాల్ వేసుకుని ఓర్చుకో, తగ్గుతుంది అన్నాను. తగ్గింది. నొప్పీ తగ్గింది. నేను నా పెద్దరికానికి మురిసిపోయాను. రెండు నెలలు తిరిగేసరికి మళ్ళీ కట్ట ఎక్కితే పట్టేస్తోందన్నాడు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే డోసు పెంచారు. పది రోజులు బాగుంది, మళ్ళీ మొదటికొచ్చింది. ఒకరోజు ఫోన్ చేసి ఒక మాటన్నాడు: “బిళ్ళ మొద్దుబారిందమ్మాయ్.”

నేను వినలేదు. వయసు మీద పడుతోంది, చుట్ట మానలేదు, కారణం అదే అనుకున్నాను. చుట్ట మీద ఒక అరగంట తిట్టాను కూడా.

కనిపెట్టింది మీలో ఒక అమ్మాయి. వాళ్ళ ఊరి విలేజ్ క్లినిక్‌లో పనిచేసే ఎంఎల్‌హెచ్‌పీ, అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్, బీఎస్సీ నర్సింగ్ చదివి వచ్చిన పిల్ల. బీపీ చూడటానికి వెళ్ళినప్పుడు బిళ్ళలు ఏవేసుకుంటున్నారు అని అడిగి ఊరుకోకుండా, “పెద్దాయనా, రెండో బిళ్ళ ఎన్నింటికి వేసుకుంటున్నారు?” అని అడిగిందట. తొమ్మిదికి అంటే నోట్లోనే లెక్కపెట్టుకుని, చీటీ రాసిన డాక్టరుకి అక్కడి నుంచే ఫోన్ చేసింది. ఆయన, “అవునమ్మా, 8కీ 3కీ వేయించాలి, చెప్పలేదా?” అన్నారట. చెప్పలేదు. ఆయన ‘బీడీ’ అని రాశారు, డిశ్చార్జి నర్సు 1-0-1 అని మార్చింది, షాపు అబ్బాయి దాన్ని దింపాడు, నేను చూసి తలూపాను. నలుగురి చేతులు మారి కూడా గడియారం సంగతి ఎవరికీ గుర్తురాలేదు. ఆ పిల్లకొక్కదానికే గుర్తొచ్చింది. బిళ్ళ మారలేదు, రెండో పూట టైం మారింది అంతే. రెండు వారాల్లో అన్నయ్య కట్ట ఎక్కి దిగాడు.

మీకు తెలియని విషయం కాదు కానీ, ట్రాలీ దగ్గర మర్చిపోయే విషయం కాబట్టి మళ్ళీ చెప్తాను. నైట్రేట్ మందు ఒంట్లో 24 గంటలూ ఉంటే రక్తనాళాలు దానికి అలవాటు పడిపోతాయి, ఇక పలకవు. మళ్ళీ పలకాలంటే రోజులో ఒక 10 నుంచి 14 గంటలు దానికి దూరంగా ఉండాలి. అందుకే పొద్దున 8కి ఒకటి, ఏడు గంటల తేడాతో మధ్యాహ్నం 3కి ఒకటి. రాత్రంతా సెలవు. నెమ్మదిగా కరిగేలా చేసిన, రోజుకు ఒక్కటే వేసే ఎస్‌ఆర్ రకమైతే పొద్దునే. కొందరికి నొప్పి తెల్లవారుజామునే వస్తుంది, వాళ్ళకి డాక్టరు వేళలు వేరుగా పెడతారు. కాబట్టి 1-0-1 కనబడగానే మీరే కొట్టేసి 8, 3 అని రాసేయకండి. ఫోన్ చేసి అడిగి రాయండి. ఆ అమ్మాయి చేసింది అదే.

ఇదేదో కొత్తగా కనుక్కున్న విషయం అనుకునేరు. ఎడిన్‌బరోలో లాడర్ బ్రంటన్ అనే కుర్ర డాక్టరు అమైల్ నైట్రైట్ పీల్పించి గుండెనొప్పి తగ్గించింది 1867లో. విలియం మరెల్, మన నైట్రేట్ బిళ్ళల జాతికే చెందిన నైట్రోగ్లిజరిన్‌తో అదే పని చేసి రాసింది 1879లో. అదే నైట్రోగ్లిజరిన్‌ని ఆల్‌ఫ్రెడ్ నోబెల్ డైనమైట్‌లో పెట్టాడు. (చీమకుర్తి క్వారీల వైపు పనిచేసే అమ్మాయిలు ఈ ముక్క పేషెంట్లకి చెప్తే బాగా గుర్తుపెట్టుకుంటారు.) ఆ డైనమైట్ ఫ్యాక్టరీల్లో పనివాళ్ళకి సోమవారం పనిలోకి రాగానే తలనొప్పి మొదలయ్యేది. వారం మధ్యకి తగ్గిపోయేది. ఆదివారం సెలవు తీసుకుని సోమవారం వస్తే మళ్ళీ తలనొప్పి. ఒళ్ళు మందుకి అలవాటు పడటం, ఒకటి రెండు రోజులు దూరంగా ఉంటే ఆ అలవాటు పోవడం, రెండూ ఆ తలనొప్పిలోనే కనబడుతున్నాయి. ఆ బాధ పడలేక కొందరు సెలవు రోజున కూడా టోపీ పట్టీకి కాస్త మందు పూసుకుని తిరిగేవాళ్ళట. మా అన్నయ్య రాత్రి 9 గంటల బిళ్ళ సరిగ్గా ఆ టోపీ పట్టీ లాంటిదే. ఇంకో తమాషా, చివరి రోజుల్లో నోబెల్‌కి గుండెజబ్బు వస్తే డాక్టర్లు రాసింది కూడా నైట్రోగ్లిజరినే.

అన్నయ్య 3 గంటల బిళ్ళ మొదట్లో మర్చిపోయేవాడు. భోజనానికి ముడిపెట్టి బిళ్ళలేసుకోవడం మనవాళ్ళకి అలవాటు, 3 గంటలకి ఏ తిండీ ఉండదు. ఆ పిల్లే ఉపాయం చెప్పింది: మధ్యాహ్నం టీకి ముడిపెట్టమంది. టీ గ్లాసు పక్కన బిళ్ళ లేకపోతే టీ ఇవ్వొద్దని వదినకి చెప్పింది. నేను 31 ఏళ్ళలో నేర్పిన ‘పేషెంట్ ఎడ్యుకేషన్’ అంతా ఒక పక్క, ఈ టీ గ్లాసు ఒక పక్క.

ఇక నాలిక కింద బిళ్ళ. నొప్పి వచ్చినప్పుడు వేసుకునేది, ఇదీ నైట్రేట్ జాతిదే. సార్బిట్రేట్ 5 అంటే ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ తెలుసు. ఎలా వేసుకోవాలో తెలిసినవాళ్ళు పదిమందిలో ఇద్దరు ఉంటే గొప్ప. “నాలిక కింద పెట్టుకో” అని చెప్పి వదిలేస్తాం. పెద్దాయన బుద్ధిగా తలూపి ఇంటికెళ్ళి గ్లాసుడు నీళ్ళతో మింగేస్తాడు. మింగితే పేగుల్లోంచి లివర్‌కి వెళ్ళి మందు చాలావరకు అక్కడే ఖర్చయిపోతుంది, గుండెకు చేరేది తక్కువ, చేరేది ఆలస్యం. ఒకసారి ఉత్త చేతులతో అయినా మీ ముందు చేయించి చూడండి. నాలిక పైకెత్తి, కింద గుంటలో పెట్టి, నోరు మూసుకుని, ఉమ్ము మింగకుండా కాసేపు ఉండాలి. నోరు ఎండిపోయి ఉంటే ముందు ఒక గుక్క నీళ్ళతో తడుపుకోమనండి. మరీ ముఖ్యం, కూర్చుని వేసుకోవాలి. నిలబడి వేసుకుంటే బీపీ పడిపోయి కళ్ళు తిరిగి కింద పడతారు. బావి దగ్గర, మెట్ల మీద, బాత్రూములో వేసుకుని పడి తుంటి ఎముక విరిగినవాళ్ళని నేను చూశాను. గుండెనొప్పితో వచ్చి ఆర్థోపెడిక్ వార్డులో తేలారు.

వేసుకున్నాక అయిదు నిమిషాలు. తగ్గలేదా, 108కి ఫోన్. ‘ఇంకోటి వేసి చూద్దాం, రేపు పొద్దున బస్సుకి వెళ్దాం’ అనే మాట ఇంట్లో వినబడకూడదు. 108 వచ్చేలోపు అయిదేసి నిమిషాలకు ఒకటి చొప్పున మొత్తం మూడు దాకా వేసుకోవచ్చు, కళ్ళు తిరగడం, చెమటలు పట్టి సోలిపోవడం లేకపోతేనే. నైట్రేట్‌కి రాత్రి సెలవన్నాం కదా అని నాలిక కింద బిళ్ళకి కూడా సెలవు అనుకునే ప్రమాదం ఉంది. దానికి వేళ లేదు, అర్ధరాత్రి నొప్పి వచ్చినా వేసుకోవాల్సిందే. ఈ తేడా విడమరిచి చెప్పండి. నేను అన్నయ్యకి చెప్పడం మర్చిపోయి ఒక రాత్రి ఎంత టెన్షన్ పడ్డానో నాకే తెలుసు.

దాన్ని ఎక్కడ పెట్టుకుంటున్నారో కూడా అడగండి. అడగడం కాదు, చూపించమనండి. పొగాకు క్యూరింగ్ రోజుల్లో ఒకసారి అన్నయ్య దగ్గరికి వెళ్ళాను. రాత్రిపూట బ్యారన్ (పొగాకు ఆకు ఎండబెట్టే గది) దగ్గరే మంచం వేసుకుని పొయ్యి కాచుకుంటున్నాడు. ఆకు ఈనె ఎండే దశలో బ్యారన్ లోపల వేడి 70 డిగ్రీల దాకా వెళ్తుంది. అత్యవసరానికి అని పెట్టుకున్న బిళ్ళలు ఎక్కడున్నాయంటే, పొయ్యి పక్కన గోడ గూట్లో, అగ్గిపెట్టె పక్కన! స్ట్రిప్పులోంచి అన్నీ ఊడదీసి, ఒక ప్లాస్టిక్ డబ్బాలో పోసి పెట్టాడు. ‘చీకట్లో స్ట్రిప్పు చింపడం కష్టమని’ అన్నాడు. మూత తీస్తే రెండు బిళ్ళలు పొడిపొడిగా రాలాయి. వేడి, వెలుతురు, తేమ ఈ మందుకి పడవు. అవి వేసుకుని తగ్గలేదంటే తప్పు గుండెదా, గూడుదా? స్ట్రిప్పులో వచ్చేది స్ట్రిప్పులోనే ఉండాలి, నైట్రోగ్లిజరిన్ లాగా రంగు గాజుసీసాలో వచ్చేది ఆ సీసాలోనే ఉండాలి, మూత బిగించి, మందుల షాపు చెప్పిన తేదీ దాటితే పారేసి కొత్తది తెచ్చుకోవాలి. చొక్కా జేబులో చెమటకి నాననివ్వొద్దు. మన మే నెల ఎండలో బండి డిక్కీలో అసలు వద్దు.

మీరు ప్రతి నెలా వేసే ప్రశ్నల్లో ఇదొకటి చేర్చండి: పోయిన నెల నాలిక కింద బిళ్ళలు ఎన్ని వాడారు? ఈసీజీ చెప్పని సంగతి ఈ లెక్క చెప్తుంది. నెలకు మూడు వాడే మనిషి పది వాడాడంటే, ఇదివరకు ఫర్లాంగు నడిస్తే వచ్చే నొప్పి వాకిలి దాటితే వస్తోందంటే, కూర్చున్నా వస్తోందంటే, నిద్రలో లేపుతోందంటే, అది ఇక స్టేబుల్ కాదు. ఆ రోజే పెద్దాసుపత్రికి పంపండి. అప్పుడు తీసిన ఈసీజీ బాగుందని ఇంటికి పంపకండి, నొప్పి లేనప్పుడు ఈసీజీ చాలామందికి బాగానే ఉంటుంది.

ఇప్పుడు సంచి సంగతి. మా పక్కింటావిడ తల్లి పొదిలి వైపు నుంచి వచ్చింది. మనిషి కుర్చీలోంచి లేవలేకపోతోంది, నీరసం, కళ్ళు తిరుగుతున్నాయి. టానిక్ ఏదన్నా చెప్పమని నన్ను పిలిచారు. పల్స్ పట్టుకుని చూశాను, నిమిషం పూర్తిగా. 44. “మందుల సంచి తేండి” అన్నాను. బట్టల షాపు క్యారీ బ్యాగు ఒకటి తెచ్చి ఇచ్చారు. మంచం మీద బోర్లించాను. సగం వాడిన స్ట్రిప్పులు, రబ్బరు బ్యాండు వేసిన చీటీలు, ఒక విభూది పొట్లం, రెండేళ్ళ క్రితం దగ్గు మందు. ఒక్కో స్ట్రిప్పూ పేరు చదివి వరసలో పెట్టాను. గుండె డాక్టరు రాసిన మెటోప్రోలాల్ ఒకటి. ఊళ్ళో ‘బీపీకి’ అని ఇచ్చిన అటినోలాల్ ఒకటి. రెండూ ఒకే జాతి మందులు, రెండూ గుండెని నెమ్మది చేసేవి. ఇచ్చిన ఇద్దరూ మంచివాళ్ళే, ఒకరు ఇచ్చింది ఇంకొకరికి తెలీదు. ఆమె మాత్రం ‘ఒకటి గుండెకి, ఒకటి బీపీకి’ అని రోజూ రెండూ వేసుకుంటోంది. అదే రోజు డాక్టరుకి చూపించి ఒకటి మాన్పించారు. వారానికి మనిషి లేచి తిరిగింది. టానిక్కు కొనాల్సిన పని పడలేదు.

కాబట్టి చీటీ చూసి సరిపెట్టుకోకండి. సంచి బోర్లించండి. పేరు చివర ‘లాల్’ అని వచ్చేవి రెండు కనబడితే ఆగండి. వెరాపమిల్, డిల్టియాజెమ్ అనేవి కూడా గుండెని నెమ్మది చేస్తాయి, అవి ‘లాల్’ పక్కన కనబడినా ఆగండి. పల్స్ 15 సెకన్లు చూసి నాలుగుతో గుణించే మన పాత అలవాటు ఈ పేషెంట్ల దగ్గర వద్దు, నిమిషం నిండా లెక్కపెట్టండి. 50కి దిగితే ఆ పూట బిళ్ళ వేసే ముందు డాక్టరుతో మాట్లాడండి. బీపీ కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి చూడండి.

ఆ ‘లాల్’ బిళ్ళల గురించే ఇంకో భయం. వాటిని హఠాత్తుగా మానకూడదు. మానితే నొప్పి తిరగబడుతుంది, గుండెపోటు దాకా వెళ్ళొచ్చు. సంక్రాంతికి కూతురింటికి వెళ్తూ సంచి మర్చిపోయినవాళ్ళు, నీరసంగా ఉందని తమంతట తామే ఆపేసినవాళ్ళు, ఆర్ఎంపీ ‘ఇన్ని బిళ్ళలెందుకు’ అన్నాడని మానేసినవాళ్ళు, అందరూ నాకు తెలుసు. క్లినిక్‌లో స్టాకు అయిపోతే ‘వచ్చే వారం రండి’ అని పంపే బిళ్ళ కాదు ఇది. వారానికి సరిపడా మిగిలి ఉండగానే తరవాతి నెలవి తెచ్చుకోమనండి. షుగరు కూడా ఉన్నవాళ్ళకి ఇంకో మాట చెప్పండి: షుగరు పడిపోతే మామూలుగా గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి. ఈ బిళ్ళ ఆ రెండిటినీ కప్పేస్తుంది. చెమట ఒక్కటే మిగులుతుంది. ఊరికే చెమట పడితే షుగరు చూసుకోమనండి.

నూరి పోయడం అనేదొకటి ఉంది. బిళ్ళ మింగలేని ముసలావిడకి కోడలు ప్రేమగా రోట్లో నూరి మజ్జిగలో కలిపి ఇస్తుంది. ఎస్‌ఆర్, ఈఆర్, ఎక్స్‌ఎల్ అని రాసి ఉన్నవి నెమ్మదిగా కరగడానికి చేసినవి. నూరితే రోజంతా రావాల్సిన మందు ఒక్కసారే ఒంట్లో పడుతుంది. కోడల్ని తిట్టొద్దు, ఆమెకి ఎవరు చెప్పారు గనక? డాక్టరుని అడిగితే మింగడానికి వీలైన వేరే రకం రాస్తారు.

బీపీకి, గుండెనొప్పికి ఇచ్చే ఆమ్లోడిపిన్ వేసుకునేవాళ్ళలో కొందరికి చీలమండల దగ్గర వాపు వస్తుంది. మన ప్రాంతంలో కాళ్ళు వాచాయంటే వెంటనే కిడ్నీ భయం. కనిగిరి వైపు ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. పరీక్ష చేయించండి, కానీ ముందు సంచిలో ఆమ్లోడిపిన్ ఉందేమో చూడండి, ఉంటే డాక్టరుకి చెప్పండి. నీటి బిళ్ళ కొనుక్కొచ్చి వేసుకోకుండా ఆపితే చాలు. గుండెనొప్పికే ఇచ్చే రానోలజిన్, ఐవాబ్రడిన్ లాంటివి రాసినవాళ్ళు మీ దగ్గరికి తక్కువే వస్తారు. మొదటిది మలబద్ధకం, కళ్ళు తిరగడం తెస్తుంది, రెండోది వేసుకుంటే కళ్ళ ముందు వెలుగులు మెరిసినట్టు ఉంటుంది. దెయ్యం పట్టిందని అనుకోకుండా ముందే చెప్పి ఉంచండి.

ఇప్పుడు మీరు అడగడానికి సిగ్గుపడే ప్రశ్న. నేనూ సిగ్గుపడ్డాను, ఒకసారి ఆ సిగ్గు చాలా ఖరీదుగా తేలేది. నైట్రేట్ వాడే మగవాళ్ళు సిల్డెనాఫిల్, అదే జనం వయాగ్రా అనేది, వేసుకుంటే బీపీ దబ్బున పడిపోతుంది, ప్రాణం పోవచ్చు. అది వేసుకున్నాక 24 గంటలు, తడలాఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ జోలికి పోకూడదు. రోజూ నైట్రేట్ వాడేవాళ్ళకి ఆ బిళ్ళలు అసలే కుదరవు. చీటీ లేకుండా ఎక్కడో కొనుక్కుంటారు, ఎవరికీ చెప్పరు. పెళ్ళాం పక్కన ఉంటే అసలే చెప్పరు. మీరు పాతికేళ్ళ పిల్ల, ఎదురుగా అరవయ్యేళ్ళ పెద్దమనిషి, ఎట్టా అడగాలి? నేను తరవాత తరవాత కనిపెట్టిన దారి ఇది: బీపీ పట్టీ చుడుతూ, ముఖం వంక చూడకుండా, “ఈ బిళ్ళ ఇచ్చే ముందు మగవాళ్ళందరినీ ఒకటి అడుగుతాం బాబాయ్, మిమ్మల్నీ అడుగుతున్నా” అని మొదలుపెట్టండి. లేదా మీ దగ్గర మగ స్టాఫ్ ఉంటే వాళ్ళకి అప్పజెప్పండి. సమాధానం ‘లేదు’ అనే వస్తుంది. ఫర్వాలేదు, ప్రమాదం ఏమిటో చెవిన పడుతుంది. “ఎప్పుడైనా వేసుకున్న రోజున నొప్పి వస్తే నాలిక కింద బిళ్ళ వేసుకోకుండా 108ని పిలవండి, వాళ్ళకి దాచకుండా చెప్పండి” అనే మాట కూడా చెప్పి వదిలేయండి.

ఆడవాళ్ళ సంగతి వేరు. వాళ్ళు రొమ్ము పట్టుకుని రారు. బిందె ఎత్తితే ఆయాసం అంటారు, దవడ లాగుతోందంటారు, వీపు మధ్యలో బరువంటారు, తేన్పులు అంటారు, షుగరు ఉంటే అసలు నొప్పే లేదంటారు. మగాడికైతే ఈసీజీ, ఆడదానికైతే గ్యాస్ బిళ్ళ. ఈ లెక్క మన చేతుల మీదుగానే చాలాసార్లు జరిగింది. పని చేస్తే వచ్చి ఆగితే పోతోందా అని ఒక్క ప్రశ్న అడగండి. అవునంటే అది పొట్ట కాకపోవచ్చు. ఆమె బిళ్ళలు సరిగా వేసుకుంటోందా అన్నది కూడా ఆమెనే అడగండి. మొగుడి బిళ్ళలన్నీ వేళకి అందించి, తనవి మాత్రం ‘రేపు వేసుకుంటాలే’ అని దాచిపెట్టేవాళ్ళు మీ ప్రతి వీధిలో ఉన్నారు.

మీ పని భారం నాకు తెలియక కాదు. ఒక సర్వే అయ్యేలోపు ఇంకో సర్వే, పేషెంటు చెయ్యి పట్టుకునే లోపు యాపులో ఫొటో అప్‌లోడ్ చెయ్యాలి, నెట్‌వర్కు రాకపోతే డాబా ఎక్కాలి. మేము రిజిస్టర్లు రాసి చచ్చాం, మీరు యాపులతో చస్తున్నారు. ఈ ఉత్తరం పై ఆఫీసర్ల కంట పడితే వాళ్ళని ఒకటే అడుగుతాను: పేషెంటు కార్డు మీద పొద్దున, మధ్యాహ్నం, రాత్రి అని మూడు గళ్ళు అచ్చేస్తున్నారు కదా, వాటి పక్కన ‘ఎన్ని గంటలకు’ అని ఒక గడి కూడా వేయించండి. పక్కనే ఒక గడియారం బొమ్మ, ముల్లు పెన్నుతో గీసుకునేలా. చదువు రానివాళ్ళకి అది చాలు. దీనికి కొత్త జీవో ఏమీ అక్కర్లేదు, అచ్చాఫీసు చాలు. అది వచ్చేదాకా మీరే స్కెచ్ పెన్ను పట్టుకోండి.

అన్నయ్య చుట్ట ఇంకా పూర్తిగా మానలేదు, రోజుకు రెండుకి దించాడు. రెండు వద్దు, సున్నా అనాలని నాకు తెలుసు, అంటూనే ఉన్నాను. బిళ్ళల డబ్బా బ్యారన్ గూట్లోంచి ఇంటి నడవలో దేవుడి పటం పక్కకి మారింది. పొలానికి వెళ్ళేటప్పుడు నాలుగు బిళ్ళల స్ట్రిప్పు ముక్క ఒకటి కత్తిరించి, చిన్న స్టీలు డబ్బాలో వేసి, బొడ్లో దోపుకుంటాడు. నాలిక కింద వేసుకున్న రోజున క్యాలెండరులో ఆ తేదీ చుట్టూ సున్నా చుడతాడు. ఆ అమ్మాయే నేర్పింది. పోయిన నెల నాలుగు సున్నాలు. ఈ నెల ఇరవై రోజులయింది, ఒకటే ఉంది.

మీ అక్క,
ఒక రిటైర్డ్ హెడ్ నర్సు
ఒంగోలు